చూడి గొర్రెకు సూది వేయనివాడు

చిలమత్తూరు పక్క పల్లెల్లో తిప్పేస్వామి ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ తిప్పేస్వామి అని ఎదురు అడుగుతారు. సూది తిప్పేస్వామి అంటే మాత్రం చేతిలో పని వదిలి మరీ దారి చూపిస్తారు. అతను డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. సొంత గొర్రెల మంద ఉన్న కురుబ. వయసులో ఉన్నప్పుడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు వెంట మందుల పెట్టె మోసుకుంటూ తిరిగాడు. ఆ కాంపౌండరుకు ఎండ అంటే గిట్టదు. ఆయన చెట్టు నీడకు జరిగిన కొద్దీ సూది తిప్పేస్వామి చేతికి వచ్చింది. వచ్చిన సూది మళ్ళీ వెనక్కి పోలేదు.

తొలకరికి ముందు గొర్రెలకు చిటుకు రోగం రాకుండా టీకా వేస్తారు. ఆ రోజుల్లో తిప్పేస్వామికి అన్నం తినే తీరిక ఉండదు. గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి, జబ్బ వెనక తోలు పట్టి లాగి, సూది దింపి, బొటనవేలితో గట్టిగా రుద్ది, పిర్ర మీద ఒక్కటి చరిచి వదిలేస్తాడు. తన చేతిలో గొర్రె నెమరు కూడా ఆపదని అతనే చెప్పుకునేవాడు. ఆ గొప్ప కొంచెం ఎక్కువే అయినా, అబద్ధం మాత్రం కాదు.

అతనికి ఒక్క నియమం ఉండేది. చూడి గొర్రెకు, అంటే కడుపుతో ఉన్న గొర్రెకు, సూది వేయడు. దాని వెనక ఒక కథ ఉంది. ఒక ఏడాది తొందరలో పక్క ఊరి పాపన్న మందలో చూడివీ ఒట్టివీ చూడకుండా వరసగా వేసుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకే అందులో చాలా గొర్రెలు నెల నిండకుండా పిల్లల్ని పడేసుకున్నాయి. ఎండదెబ్బ కావచ్చు, తోపులాటలో కడుపు నలిగి ఉండవచ్చు, వేరే రోగం ఏదైనా ఉండవచ్చు అని కాంపౌండరు చెప్పాడు. తిప్పేస్వామి వినలేదు. పాపన్న తిట్టి ఉంటే తేలిపోయేది. తిట్టకుండా ఏడాది పాటు మొహం తిప్పుకుని తిరిగాడు. అది తిప్పేస్వామి మనసులో దిగబడిపోయింది. అప్పటినుంచి ప్రతి గొర్రె పొట్టా తడిమి చూసి, చూడివాటిని పక్కకు తోలించాకే పెట్టె తెరిచేవాడు.

ఇక ఇంటి సంగతి. అతని భార్య కదిరమ్మ గోరంట్ల దిక్కు పిల్ల. మాట సూటిగా ఉంటుంది, నవ్వు దానికంటే ముందే వస్తుంది. పెళ్ళయిన ఏడాదికే నీళ్ళు పోసుకుంది. మూడో నెల దాటకుండానే కడుపు పోయింది. తర్వాతి ఏడాది మళ్ళీ అంతే. ఆ తర్వాత మూడోసారి. మొదటిసారి ఎండలో తిరిగిందన్నారు. రెండోసారి బరువెత్తిందన్నారు. మూడోసారి పాపం ఎండలోకీ పోలేదు, చెంబెడు నీళ్ళు కూడా ఎత్తలేదు. దాంతో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క జాతకం అన్నారు.

అత్త మారెక్క చెడ్డమనిషి కాదు. కానీ నోరు మూసుకుని కూర్చోవడం ఆమెకు పుట్టుకతోనే రాలేదు. ఒకరోజు కొడుకుకు సంగటి వడ్డిస్తూ, ఇంకో పిల్లను చూస్తే ఏమని కదిపింది. తిప్పేస్వామి ముద్ద మింగి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు.

"నేనేమన్నా పొట్టేలునామ్మా, ఈ దొడ్డిలోంచి ఆ దొడ్డికి తోలేకి?"

వంటింట్లో ఉన్న కదిరమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ సాయంత్రం మొగుడితో ఒక్క మాటే అంది. "ఇంకోసారి పోతే నేను తట్టుకోలేనయ్యా."

చిలమత్తూరు ఆసుపత్రిలో సువార్తమ్మ అని ఒక నర్సు ఉండేది. మూడుసార్లూ కదిరమ్మ చేయి పట్టుకుని కూర్చున్నది ఆమే. పదే పదే కడుపు పోయేవాళ్ళను చూసే డాక్టరమ్మ ఒకామె బెంగళూరులో ఉందనీ, ఆమెది హిందూపురమే కాబట్టి భాషకు ఇబ్బంది ఉండదనీ చెప్పింది. రెండువేల రెండులో, గొర్రెల బొచ్చు కత్తిరింపులు అయిపోగానే ఇద్దరూ బస్సెక్కారు.

డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు రాసింది. ఆడమనిషిని చూపించడానికి వస్తే తనకెందుకని తిప్పేస్వామి నసిగాడు. ఆమె కళ్ళజోడు పైనుంచి చూసేసరికి నోరెత్తకుండా పోయి చేయించుకున్నాడు. కదిరమ్మ రక్తం కొన్ని వారాల తర్వాత మళ్ళీ రమ్మని రెండోసారి కూడా చూశారు. అప్పుడు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మన ఒంట్లో కాపలా ఉంటుందమ్మా. బయటినుంచి రోగమొస్తే తరిమేసే కాపలా. కొందరి ఒంట్లో అది దారి తప్పి, ఇంట్లోవాళ్ళనే దొంగలనుకుంటుంది. నీ రక్తంలో అట్లాంటి గుర్తే రెండుసార్లూ కనపడింది. అందువల్ల బిడ్డకు తిండి అందే చోట రక్తం గడ్డకడుతుంది. తిండి అందక బిడ్డ నిలవడం లేదు."

"అంటే కాపలా కుక్క మన గొర్రెపిల్లనే పట్టుకున్నట్టా మేడం?" అన్నాడు తిప్పేస్వామి.

"అట్లే అనుకోప్పా. కొందరు ఆలుమగలకు ఇట్లాంటి కాపలా తంటాతోనే కడుపు పండేదే కష్టమవుతుంది. కొందరు మగవాళ్ళ ఒళ్ళు వాళ్ళ బీజాన్నే శత్రువనుకుంటుంది. అందుకే నీకూ పరీక్ష చేయించినాను. నీకేమీ లేదు."

తిప్పేస్వామి వీపు నిటారుగా అయింది. పక్కన భార్య మొహం చూడగానే మళ్ళీ వంగిపోయింది.

"అయితే నేనేం తప్పు చేసినా మేడం?" అని అడిగింది కదిరమ్మ.

"నువ్వేమీ చేయలేదు. ఎండ కాదు, బరువు కాదు, జాతకం కాదు. నీ తప్పు ఏమీ లేదు."

కదిరమ్మ అక్కడే, ఆ కుర్చీలోనే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నేళ్ళలో ఆ మాట ఆమెతో అన్న మొదటి మనిషి ఆ డాక్టరమ్మే. తిరుగు బస్సులో మాత్రం తేలిగ్గా ఉంది. కిటికీ పక్క కూర్చుని, ఇది అత్తకు నువ్వే చెప్పల్ల, అది కూడా నలుగురు ఉన్నప్పుడు చెప్పల్ల అని మొగుడికి పని పురమాయించింది.

మందు సంగతి ఇదీ. మళ్ళీ కడుపు నిలిచిందని తెలియగానే రోజూ ఒక చిన్న మాత్ర వేసుకోవాలి, రోజూ పొట్ట తోలు కింద ఒక సూది పడాలి. కాన్పు దాకా అంతే. ఊళ్ళో సూది ఎవరు వేస్తారని డాక్టరమ్మ అడిగితే తిప్పేస్వామి పెద్దగా నవ్వాడు.

"ఆ పని నాకిడిసిపెట్టండి మేడం. మా దిక్కున ఎవురినన్నా అడగండి."

అయినా ఒక నర్సు చూపించింది. పొట్ట మీద తోలు రెండు వేళ్ళతో పట్టుకోవాలి, నిలువుగా దించాలి, మెల్లగా నెట్టాలి, తీసేశాక రుద్దకూడదు. తోలు పట్టుకోవడం దగ్గరే తిప్పేస్వామికి పట్టరాని సంబరమేసింది. గొర్రెకూ ఇట్లే గదా అని తలూపుతూ ఉండిపోయాడు. చివరి మాట చెవి దాకా వచ్చి వెనక్కి పోయింది.

మరుసటి ఏడాది వేసవి మొదట్లో కదిరమ్మ నాలుగోసారి నీళ్ళు పోసుకుంది. మందు వేడి తగలకూడదన్నారు. అనంతపురం జిల్లా వేసవిలో వేడి తగలని చోటు వెతకడమంటే మాటలు కాదు. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. సువార్తమ్మ ఏ వారానికి ఆ వారం సరిపడా సూదులే ఇస్తూ, మిగతావి ఆసుపత్రి ఫ్రిజ్‌లో దాచింది. ఆ వారానివి ఇంటికి తెచ్చి కొత్త కుండలో పెట్టి, కుండను తడి ఇసుకలో దించి, పైన తడిగుడ్డ కప్పాడు తిప్పేస్వామి.

మొదటి రోజు కదిరమ్మ మంచం మీద పడుకుని పొట్ట మీద కొంగు తీసింది. తిప్పేస్వామి సూది పట్టుకున్నాడు. గొర్రె సూది ముందు అది వెంట్రుక. ఆ వెంట్రుకను దించడానికి అతనికి చేయి రాలేదు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. చేతులు మళ్ళీ కడుక్కొచ్చాడు. దీపం పెట్టి వస్తానని లేచాడు, మిట్టమధ్యాహ్నం.

"ఏమయ్యా, ఊరిగొర్రెలన్నీ నీ చేతిలో నెమరేస్తాయంటివే. నన్నూ మోకాళ్ళ మధ్య పట్టుకుంటావా ఏం?" అంది కదిరమ్మ.

"నువ్వు నన్ను చూడాకుమే. అట్ల తిరుక్కో."

ఆమె గోడ వైపు మొహం తిప్పుకుంది. అతను కళ్ళు సగం మూసుకుని దించేశాడు. తీయగానే అలవాటు చొప్పున బొటనవేలితో గట్టిగా రుద్దాడు. అంతటితో ఆగక తొడ మీద ఒక్కటి చరిచాడు. కదిరమ్మకు నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు పట్టింది.

కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత సూది పడిన చోటల్లా పొట్ట మీద నల్లగా కమిలిపోయింది. రోజుకొక మచ్చ. స్నానం చేయించడానికి వచ్చిన మారెక్క చూసి చెంబు కింద పెట్టేసింది.

"రేయ్, గొర్రెనన్నా ఇట్ల పొడుస్తావేమిరా?"

మారెక్క చూసిందంటే ఊరు చూసినట్టే. మరునాడు మేత దగ్గర ముసలి కురుబ శ్రీరంగప్ప కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి అన్నాడు. "ఏమప్పా తిప్పేస్వామీ, చూడి గొర్రెను ముట్టనంటావు. ఇంట్లో చూడిమనిషిని దినమ్మూ పొడుస్తాండావంట."

అతను వేళాకోళానికే అన్నాడు. తిప్పేస్వామికి మాత్రం ఆ క్షణాన పాపన్న దొడ్డి కళ్ళ ముందుకొచ్చింది. నేల మీద బొచ్చు కూడా రాని పిల్లలు, వాటిని మూతితో నెట్టి చూస్తున్న తల్లులు. ఇంట్లో మూడో నెల నడుస్తోంది. ముందు మూడుసార్లూ పోయింది ఆ నెలలోనే. బెంగళూరు డాక్టరమ్మ చదువు పెద్దదే, కానీ పాపన్న దొడ్డి తను కళ్ళారా చూసింది. అతనికి భయం వేసింది. కదిరమ్మకు చెబితే ఆమె కూడా భయపడుతుంది, భయంతోనే ఏమైనా అవుతుందేమోనని ఇంకా భయం వేసింది. ఆ భయమంతా తనలోనే పెట్టుకుని, తెలివైన పని అనుకుని, మహా తెలివితక్కువ పని చేశాడు.

ఆ రోజునుంచి కదిరమ్మ గోడ వైపు తిరగగానే సూది మొన తోలుకు కాస్త తాకించి, మందును మంచం పక్క మట్టినేలలోకి వదిలేసేవాడు. నేల పీల్చేసుకునేది. తర్వాత రుద్దేవాడు, పని అయిందనేవాడు.

మచ్చలు పచ్చబడ్డాయి, తర్వాత మాసిపోయాయి. మారెక్క సంతోషించింది. తిప్పేస్వామికి కూడా గుండె కుదుటపడింది. చూశావా, సూది ఆపితే ఒళ్ళు ఎట్లా తేటపడిందో అని తనకు తనే చెప్పుకున్నాడు. కదిరమ్మ ఒక్కతే సంతోషించలేదు. సూది పడుతున్న పొట్ట అంత శుభ్రంగా ఎందుకుంటుందని స్నానం చేసేటప్పుడల్లా తడుముకుని చూసుకుంది. ఒకరోజు గోడ వైపు తిరిగినట్టే తిరిగి, సగంలో ఇటు తిరిగింది. తిప్పేస్వామి చేయి మంచం కిందికి వేలాడుతూ ఉంది. సూది మొన నుంచి చుక్కలు నేలలో పడుతున్నాయి.

కదిరమ్మ లేచి కూర్చుంది.

"ఎప్పటినుంచి?"

"వారం దాటింది."

"ఏమిటికి?"

తిప్పేస్వామి అంతా చెప్పాడు. పాపన్న గొర్రెలు, శ్రీరంగప్ప మాట, నల్ల మచ్చలు, మూడో నెల.

"నేను గొర్రెనా?" అంది కదిరమ్మ.

"కాదు. గొర్రె అయితే నాకింత భయమెందుకు? గొర్రె పోతే ఇంకోటి తెచ్చుకుంటా. నీకేమన్నా అయితే యాడ తెచ్చేది?"

వేరే రోజైతే ఆ మాటకు ఆమె కరిగిపోయేదే. ఆ రోజు కరగలేదు. "నాకూ భయముండాదయ్యా. నీకంటే ఎక్కువే ఉండాది. నీ భయం నాకు చెప్పింటే ఇద్దరం కూచోని ఏడ్చి, బెంగళూరికి పోయి అడిగొచ్చేవాళ్ళం. నువ్వు నా ముఖం గోడకు తిప్పి, నా బిడ్డ మందు నేలపాలు చేసినావు."

అని లేచి, కుండలోంచి కొత్త సూది తీసుకుని, పొట్ట మీద తోలు పట్టుకుని తనే దించుకుంది. రుద్దలేదు. ఖాళీ సూది అతని చేతిలో పెట్టి బస్సుకు చీర మార్చుకోవడానికి పోయింది.

బెంగళూరు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిప్పేస్వామి చిక్కబళ్ళాపురంలో టీ తెచ్చి ఇచ్చాడు. తీసుకుంది, తాగింది, గ్లాసు ఇచ్చేసింది, అంతే. తనే బిడ్డను చంపుకున్నానేమో అన్న ఆలోచన అతన్ని సీట్లో కుదురుగా కూర్చోనివ్వలేదు. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. చివరికి పాపన్నకు కూడా మనసులోనే దండం పెట్టాడు.

స్కానింగు గదిలో డాక్టరమ్మ తెరను వాళ్ళ వైపు తిప్పింది. బూడిద రంగు మసకలో బియ్యపు గింజంతది ఒకటి టకటక కొట్టుకుంటోంది.

"గుండె బాగుంది. బిడ్డ బాగా పెరుగుతోంది."

కదిరమ్మ కళ్ళు మూసుకుంది. తిప్పేస్వామి అక్కడున్న స్టూలు మీద కూలబడి, గడిచిన వారం సంగతి తనంతట తనే డాక్టరమ్మకు చెప్పేశాడు. ఆమె మొహంలో రంగు మారింది.

"ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. అది నీ తెలివి వల్ల కాదు, మీ అదృష్టం వల్ల. చూడప్పా, నువ్వు గొర్రెలకు వేసేది టీకా. అది ఒంట్లో కాపలాను నిద్రలేపేది. ఇది దేన్నీ లేపేది కాదు. రక్తం గడ్డకట్టకుండా చూసేది, బిడ్డకు తిండి పోయే దారి తెరిచి పెట్టేది. రెండూ సూదిలోనే ఉంటాయి, అంతే."

"మరి ఆ నల్లమచ్చలు మేడం?"

"కొంచెం కమిలేది మామూలే. అంత పెద్దవి ఎందుకొచ్చినాయి? తీసినాక రుద్దుతావా?"

"రుద్దల్ల గదా మేడం, లేకుంటే మందు గడ్డకడుతుంది. చివర్న ఒక దెబ్బ కూడా..." అని అక్కడ ఆగిపోయాడు.

డాక్టరమ్మ నుదుటి మీద చేయి పెట్టుకుంది. పరీక్ష బల్ల మీద పడుకున్న కదిరమ్మకు, ఎంత బిగబట్టినా, నవ్వు తన్నుకొచ్చింది. నవ్వింది గానీ, సూది మాత్రం మళ్ళీ అతని చేతికి ఇవ్వలేదు. ఆ రోజునుంచి ఎవరి సాయం లేకుండా తనే వేసుకుంది. ఆ వేళకు అతను గడప బయట కూర్చునేవాడు. లోపలినుంచి ఖాళీ సూది వచ్చేది, అతను దాన్ని డబ్బాలో వేసేవాడు.

అతనికి మిగిలిన ఉద్యోగం కుండ చల్లార్చడం. దాన్నీ మారెక్క లాగేసుకుంది. అంతదాకా వాయిదా వేస్తూ వచ్చిన తిప్పేస్వామి చివరికి నలుగురి ముందు జాతకం కాదని చెప్పిన రోజు ఆమె రెండు పూటలు అలిగింది. మూడో పూట లేచి ఇసుక మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. ఎవరైనా పొట్ట మీద మచ్చల మాట ఎత్తితే, అది లోపల కాపలా చేసే తంటా, మీకు తెల్దులే అని తనే దబాయించేది. మూడో నెల దాటింది. నాలుగు, ఐదు దాటాయి. కడుపు పైకి తేలుతుంటే కదిరమ్మ నడకే మారింది. తిప్పేస్వామి మందతో వెళ్ళినా, పొద్దు వాలకముందే ఏదో సాకుతో గొర్రెల్ని ఇంటి దారి పట్టించేవాడు. ఆ ఏడు మంద కొంచెం చిక్కిందంటే కారణం కరువు ఒక్కటే కాదు.

సంక్రాంతికి ఇంకా చాలా రోజులుండగానే, నెలలు పూర్తిగా నిండక ముందే, బెంగళూరులో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బరువు తక్కువ, గొంతు మాత్రం నాయనమ్మది. చేతులతో ఎన్నో గొర్రెపిల్లల్ని తీసిన తిప్పేస్వామి ఆ పిల్లను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మారెక్క బలవంతాన ఒళ్ళో పెడితే, ఏడుస్తూ కూర్చున్నాడు. ఆ ఏడుపు చూసి పక్క మంచాలవాళ్ళు ఆడపిల్ల పుట్టినందుకు ఏడుస్తున్నాడనుకున్నారు. వాళ్ళకు మారెక్క తగిన సమాధానం చెప్పింది.

కాన్పు అయ్యాక కూడా ఇంకొన్ని వారాలు సూదులు ఆపకూడదన్నారు. తల్లి రక్తం అప్పుడు ఇంకా తొందరగా గడ్డకడుతుందట. ఇంటికి వచ్చిన రెండో రోజు, సూది వేళకు తిప్పేస్వామి మామూలుగా గడప బయట కూర్చున్నాడు. లోపలినుంచి పిలుపు వచ్చింది. కదిరమ్మ మంచం మీద ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. సూది పక్కన పెట్టి ఉంది.

"నా చేతులు ఖాళీ లేవు. నువ్వెయ్యి."

అతను చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తోలు పట్టుకుని, సూది ఆమె కళ్ళ ముందుకు ఎత్తాడు. "చూడుమే. మందు పూర్తిగా లోపలికి పోయేదంకా చూడు."

కదిరమ్మ చూడలేదు. బిడ్డ బుగ్గ మీది పాల చుక్క తుడుస్తూ ఉంది.

"నాకెందుకయ్యా చూసేది? నువ్వుండావు గదా," అంది.